‘ఆప్షనల్’ అని రాసి వదిలేయకండి: సర్వర్ సెట్టింగులకు వివరణ రాసే పద్ధతి

ఫోన్ చేసింది ఒక తండ్రి. నెట్ సెంటర్‌లో కూతురి పక్కన నిలబడి మాట్లాడుతున్నారు. “ఫోటో ఎక్కిందమ్మా, టెన్త్ సర్టిఫికెట్ మాత్రం ఎక్కట్లేదు. నాలుగుసార్లు చూశాం. ఇవాళే ఆఖరి రోజంట” అన్నారు. నేను కాకినాడలో మా ఇంట్లో అప్పుడే భోజనానికి కూర్చుంటున్నాను. ల్యాప్‌టాప్ తెరిచి ఎర్రర్ లాగ్ చూస్తే ఒకే రకం లైను వరసగా పడుతోంది: ‘క్లయింట్ ఇంటెండెడ్ టు సెండ్ టూ లార్జ్ బాడీ: 2841733 బైట్స్’.

ఆ కాలేజీ అడ్మిషన్ల పోర్టల్‌ను అంతకు నాలుగు రోజుల ముందే కొత్త సర్వర్‌కి మార్చాం. మార్చింది మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి. నేను రాసిచ్చిన నోట్సు ముందు పెట్టుకుని, ఒక్కో లైనూ చూసుకుంటూ శ్రద్ధగానే చేశాడు. ఆ నోట్సులో నేను రాసింది ఇది: “క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ – అప్‌లోడ్ సైజు పరిమితి. ఆప్షనల్.” ఆప్షనల్ కదా, తర్వాత చూద్దామని వదిలేశాడు. 300 కేబీ ఫోటో పెట్టి టెస్ట్ చేస్తే ఎక్కింది. అడిగితే “మేడమ్, అందులో ఆప్షనల్ అని ఉందండి” అన్నాడు. ఉన్నమాటే. ఆ లైను రాయకపోతే ఇంజిన్‌ఎక్స్ (మేం వాడే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) 1 ఎంబీ దగ్గర ఆపేస్తుందని నా నోట్సులో ఎక్కడా లేదు.

లైను చేర్చి రీలోడ్ చేయడానికి నిమిషం పట్టలేదు. ఆ నాలుగు రోజుల్లో 413 ఎర్రర్ (పంపింది మరీ పెద్దదని సర్వర్ తిప్పికొట్టేది) చూసి వెనక్కి వెళ్లిపోయిన పిల్లలు ఎంతమందో లాగ్‌లోంచి తీయడానికి మాత్రం రాత్రి ఒంటిగంట దాటింది. ఆ 413 కూడా చాలామందికి సరిగ్గా కనపడి ఉండదు. బ్రౌజర్లు ఈ ఎర్రర్‌ని సరిగా చూపించలేవని ఇంజిన్‌ఎక్స్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. పేజీ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయిందనే అనుకుని ఉంటారు.

అప్పటినుంచి నేను సర్వర్ నోట్సు రాసే తీరు మార్చుకున్నాను. ఇంజిన్‌ఎక్స్, అలాంటిదే మరో వెబ్ సర్వర్ అపాచీ – వాళ్ల సొంత డాక్యుమెంటేషన్ బాగానే ఉంటుంది. మనం టీమ్ కోసం రాసుకునే నోట్సు, హ్యాండోవర్ ఫైళ్లు, రీడ్‌మీలు, తెలుగులో రాసే గైడ్లు – ఇబ్బంది అక్కడే వస్తోంది. అవి రాసేవాళ్ల కోసమే ఇది. ఇక్కడ డైరెక్టివ్ (కాన్ఫిగ్ ఫైల్‌లో రాసే ఒక్కో సెట్టింగ్) పేర్లన్నీ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, కాన్ఫిగ్ ఫైల్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి.

ముందు ఏ రకం ఆప్షనలో తేల్చుకోండి

ఒక సెట్టింగ్ ఆప్షనల్ అంటే మనకు తెలిసేది ఒక్కటే: అది లేకపోయినా సర్వర్ లేస్తుంది. లేచాక ఎలా నడుస్తుందో ఆ మాట చెప్పదు. నేను ఇప్పుడు ప్రతి సెట్టింగ్‌నీ ముందు ఒక గూటిలో పెట్టి, తర్వాతే వివరణ రాస్తాను.

కొన్ని రాయకపోతే నిజంగానే ఏమీ జరగదు. ఆటోఇండెక్స్ రాయకపోతే ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా కనిపించదు, అంతే. జీజిప్ (ఫైళ్లని కుదించి పంపేది) కూడా రాయకపోతే ఆఫ్‌లోనే ఉంటుంది. వీటికి ఆప్షనల్ అన్న మాట సరిపోతుంది. (జీజిప్ ఆన్ చేశాక మాత్రం ఇంకో మెలిక ఉంది. జీజిప్_టైప్స్ రాయకపోతే హెచ్‌టీఎంఎల్ ఒక్కటే కుదించుకుని వెళ్తుంది, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లు అలాగే పోతాయి. ఆన్ చేశాం కదా, సైట్ ఇంకా నిదానంగానే ఉందేమిటి అని అడిగేవాళ్లలో సగంమంది దగ్గర ఇదే.)

ఇంకొన్ని రాయకపోయినా పనిచేస్తూనే ఉంటాయి, వాటికొక డిఫాల్ట్ విలువ, అంటే మనం రాయనప్పుడు సర్వర్ తనే వాడుకునే విలువ ఉంటుంది. క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ అలాంటిదే, 1 ఎంబీ. ప్రాక్సీ_రీడ్_టైమౌట్ (వెనక ఉన్న యాప్ జవాబు కోసం ఆగే సమయం) అలాంటిదే, 60 సెకన్లు. మనం ఏమీ రాయలేదు కాబట్టి పరిమితే లేదనుకుంటాం, అక్కడ గోడ ఉంటుంది. ఎక్కువ ప్రమాదం ఈ గూటిలోనే.

మూడో రకంలో సర్వర్ తనే ఊహించుకుంటుంది. అపాచీలో సర్వర్‌నేమ్ రాయకపోతే అది మెషిన్ హోస్ట్‌నేమ్ చూసి, ఐపీ చూసి తన పేరు తనే పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది. రీస్టార్ట్ చేసినప్పుడల్లా ఏహెచ్00558 అని ఒక హెచ్చరిక పడుతుంటుందే, అది దీని గురించే. ఇంజిన్‌ఎక్స్‌లో లిజన్ లైనులో డిఫాల్ట్_సర్వర్ అని ఎక్కడా రాయకపోతే, ఆ పోర్టుకి మొదట కనపడిన సర్వర్ బ్లాకే డిఫాల్ట్ అవుతుంది. సైటుకో ఫైల్ పెట్టుకుని ఒక ఫోల్డర్‌ని ఇన్‌క్లూడ్ చేసుకునేవాళ్లకి మొదట అంటే అక్షర క్రమంలో మొదట. రేపు ఎవరైనా ‘ఎ’తో మొదలయ్యే పేరుతో కొత్త సైట్ ఫైల్ పెడితే డిఫాల్ట్ మారిపోతుంది, పాత ఫైళ్లని ఎవరూ ముట్టుకోకుండానే. ఇది నోట్సులో లేకపోతే ఎవరికీ తట్టదు.

నాలుగో రకం పై బ్లాకులోంచి దిగివచ్చేది. దీని దగ్గర కాస్త ఆగాలి.

పైనుంచి వచ్చేవి, వస్తాయనుకుని రానివి

ఇంజిన్‌ఎక్స్‌లో హెచ్‌టీటీపీ బ్లాకులో రాసింది సర్వర్ బ్లాకులోకి, అక్కడ రాసింది లొకేషన్‌లోకి దిగుతుందని అందరికీ తెలుసు. కాబట్టి లొకేషన్‌లో మళ్లీ రాయడం ఆప్షనల్ అని నోట్సులో పెట్టేస్తాం. ఒకే విలువ ఉండే డైరెక్టివ్‌లకి అది నిజమే. ప్రాక్సీ_సెట్_హెడర్ (వెనక ఉన్న యాప్‌కి రిక్వెస్ట్‌తోపాటు ఏ వివరాలు పంపాలో చెప్పేది) లాంటివాటికి నియమం వేరు: ఆ లెవెల్‌లో ప్రాక్సీ_సెట్_హెడర్ ఒక్కటి కూడా రాయనప్పుడు మాత్రమే పైవి దిగివస్తాయి. ఒక్కటి రాశామా, పైనున్నవన్నీ పోతాయి.

మా దగ్గర ఒక సైట్‌లో ఇది ఎలా ఉండేదో చూపిస్తాను. సర్వర్ బ్లాకులో నాలుగు లైన్లు:

ప్రాక్సీ_సెట్_హెడర్ హోస్ట్ $హోస్ట్;
ప్రాక్సీ_సెట్_హెడర్ ఎక్స్-రియల్-ఐపీ $రిమోట్_యాడర్;
ప్రాక్సీ_సెట్_హెడర్ ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ $ప్రాక్సీ_యాడ్_ఎక్స్_ఫార్వర్డెడ్_ఫర్;
ప్రాక్సీ_సెట్_హెడర్ ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో $స్కీమ్;

చాట్ కోసం వెబ్‌సాకెట్ (తెరిచే ఉంచే కనెక్షన్) కావాల్సి వచ్చి, లొకేషన్ బ్లాకులో అప్‌గ్రేడ్, కనెక్షన్ అని రెండు హెడర్లు చేర్చారు. రెండు కొత్త లైన్లు, పాత లైన్లు ఒక్కటీ తీయలేదు. ఆ లొకేషన్ వరకు పై నాలుగూ పోయాయి. హోస్ట్ హెడర్ డిఫాల్ట్‌కి, అంటే $ప్రాక్సీ_హోస్ట్‌కి తిరిగిపోయింది. వెనక ఉన్న యాప్‌కి సైట్ పేరు బదులు 127.0.0.1:8000 అని చేరింది. యాప్ అదే పేరుతో లింకులు కట్టడం మొదలుపెట్టింది. యాప్ లాగ్‌లో వాడేవాళ్ల ఐపీలు కూడా అన్నీ 127.0.0.1 అయిపోయాయి. కాన్ఫిగ్ టెస్ట్ చేస్తే సిన్టాక్స్ ఓకే అంటుంది, ఎందుకంటే సిన్టాక్స్‌లో తప్పేమీ లేదు.

ఇలాంటి డైరెక్టివ్‌కి నోట్సులో ఇలా రాస్తున్నాను: “లొకేషన్‌లో ఇది ఒక్కటీ రాయకపోతే సర్వర్ బ్లాకులోని నాలుగూ వస్తాయి. ఒక్కటి రాసినా ఆ నాలుగూ రావు, మళ్లీ రాసుకోవాలి.” రెండు వాక్యాలు. రెండో వాక్యం లేకపోతే మొదటిది మనిషిని తప్పుదారి పట్టిస్తుంది.

డిఫాల్ట్ ఎక్కడ చూడాలి

ఇంజిన్‌ఎక్స్ డాక్యుమెంటేషన్‌లో ప్రతి డైరెక్టివ్‌కీ మొదట ఒక చిన్న పట్టీ ఉంటుంది: సిన్టాక్స్, డిఫాల్ట్, కాంటెక్స్ట్. డిఫాల్ట్ దగ్గర విలువ ఉంటే రాయకపోయినా ఆ విలువతో పనిచేస్తుందని. అడ్డగీత ఒక్కటే ఉంటే డిఫాల్ట్ లేదని. అపాచీ పట్టీ ఇంకాస్త పెద్దది, అందులో ఓవర్‌రైడ్, మాడ్యూల్, కొన్నిటికి కంపాటిబిలిటీ కూడా ఉంటాయి. ఆ చివరిదాన్ని ఎవరూ చదవరు, తప్పకుండా చదవాల్సింది అదే.

ఎందుకో చెప్తాను. అపాచీలో లిమిట్‌రిక్వెస్ట్‌బాడీ (అప్‌లోడ్ సైజు పరిమితి) డిఫాల్ట్ 2.4.53 వరకు 0, అంటే పరిమితి లేదు. 2.4.54 నుంచి 1073741824, అంటే 1 జీబీ. అలౌఓవర్‌రైడ్ డిఫాల్ట్ 2.3.9 ముందు ఆల్, ఆ తర్వాత నన్. పాత సర్వర్‌లో ఏమీ రాయకుండానే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లు (ఫోల్డర్‌లోనే పెట్టుకునే సెట్టింగుల ఫైళ్లు, వీటిని ఒప్పుకోవాలా వద్దా చెప్పేదే అలౌఓవర్‌రైడ్) పనిచేసేవి, కొత్తదానికి వచ్చాక వాటిని సర్వర్ పట్టించుకోదు. కాన్ఫిగ్ ఫైల్ అక్షరం మారలేదు, నడక మారింది. అందుకని డిఫాల్ట్ విలువ రాసేటప్పుడు పక్కన వెర్షన్ రాయండి. ‘డిఫాల్ట్ 1 జీబీ’ అని రాస్తే సగమే చెప్పినట్టు. ‘2.4.54 నుంచి 1 జీబీ, అంతకుముందు పరిమితి లేదు’ అని ఉండాలి.

సిన్టాక్స్ లైనులో చదరపు బ్రాకెట్ల గురించి కూడా ఒక మాట. ఎర్రర్_లాగ్ సిన్టాక్స్‌లో ముందు ఫైల్ పేరు, తర్వాత బ్రాకెట్లలో లెవెల్ ఉంటాయి. ఇక్కడ ఆప్షనల్ రెండుచోట్ల ఉంది. డైరెక్టివ్ మొత్తం రాయకపోవచ్చు, రాసినా లెవెల్ ఇవ్వకపోవచ్చు. రెండింటికీ జవాబు వేరువేరుగా రాయాలి: మొత్తం వదిలేస్తే లాగ్స్ ఫోల్డర్‌లోని ఎర్రర్ డాట్ లాగ్‌లోకి పోతుంది, లెవెల్ మాత్రం వదిలేస్తే ఎర్రర్ లెవెల్ నుంచి పైవి మాత్రమే పడతాయి, వార్నింగులు పడవు. యాక్సెస్_లాగ్‌కి ఆఫ్ అని ఇస్తే లాగ్ ఆగిపోతుంది కదా అని ఎర్రర్_లాగ్‌కి కూడా ఆఫ్ అని ఇచ్చేవాళ్లున్నారు. అప్పుడు ‘ఆఫ్’ అనే పేరుతో ఒక ఫైల్ తయారై, ఎర్రర్లన్నీ అందులో చేరతాయి.

సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన ఫైల్ చూసి డిఫాల్ట్ రాయొద్దు

ఇది చాలా మంచి నోట్సుల్లో కూడా చూస్తుంటాను. ఇంజిన్‌ఎక్స్‌తో వచ్చే శాంపిల్ కాన్ఫిగ్ ఫైల్‌లో కీప్అలైవ్_టైమౌట్ (జవాబిచ్చాక కనెక్షన్‌ని తెరిచి ఉంచే సమయం) 65 అని ఉంటుంది. డిఫాల్ట్ 75 సెకన్లు. వర్కర్_కనెక్షన్స్ శాంపిల్‌లో 1024, డిఫాల్ట్ 512. సెండ్‌ఫైల్ శాంపిల్‌లో ఆన్, డిఫాల్ట్ ఆఫ్. ఆ లైను తీసేస్తే ఏమవుతుందన్నదానికి ఫైల్ జవాబు చెప్పదు, డాక్యుమెంటేషన్ చెప్తుంది.

కామెంట్ చేసిన లైన్లు ఇంకా మోసం చేస్తాయి. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషిన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) సర్వర్ కాన్ఫిగ్ ఫైల్‌కి అలవాటుపడ్డవాళ్లకి ఒక లెక్క ఉంటుంది: హ్యాష్ గుర్తు పెట్టి ఉన్న లైను అంటే అదే డిఫాల్ట్. ఆ ఫైల్ విషయంలో ఆ లెక్క మామూలుగా సరిపోతుంది. ఇంజిన్‌ఎక్స్ శాంపిల్‌లో హ్యాష్ పెట్టి జీజిప్ ఆన్ అని ఉంటుంది. అదే లెక్కతో చదివితే జీజిప్ ఆన్‌లోనే ఉందనుకుంటాం, ఉన్నది ఆఫ్‌లో. మీరు ఒక శాంపిల్ ఫైల్ తయారుచేసి ఇస్తుంటే, కామెంట్ లైన్లు డిఫాల్టులా, ఉదాహరణలా అన్నది ఫైల్ పైనే ఒక వాక్యంలో రాయండి. రెండూ కలిపి మాత్రం పెట్టకండి.

రాసే ముందు చేసి చూడండి

డాక్యుమెంటేషన్‌లో చదివింది సరే, మన సర్వర్‌లో ఆ మాట నిలబడుతుందో లేదో చూడాలి. ఇంజిన్‌ఎక్స్ కమాండ్‌కి అడ్డగీతతో క్యాపిటల్ టీ (-T) ఇస్తే ఇన్‌క్లూడ్ చేసిన ఫైళ్లతో సహా మొత్తం కాన్ఫిగ్ తెరమీద పోస్తుంది. అందులో పేరు వెతికి దొరకలేదంటే అది ఎక్కడా రాయలేదని రూఢి. డిఫాల్ట్ విలువలు మాత్రం అందులో కనపడవు, ఎవరో రాసినవే కనపడతాయి. అపాచీలో అలాగే క్యాపిటల్ ఎస్ (-S) ఇస్తే ఏ పోర్టుకి ఏ వర్చువల్ హోస్ట్ (ఒకే సర్వర్‌లోని ఒక్కో సైట్) డిఫాల్టో చూపిస్తుంది.

తర్వాత ఆ లైను తీసేసి, టెస్ట్ మెషిన్ మీద గోడని నిజంగా తట్టి చూస్తాను. అప్‌లోడ్ పరిమితి అయితే 900 కేబీ ఫైల్ ఒకటి, 3 ఎంబీ ఫైల్ ఒకటి. సరిగ్గా 1 ఎంబీ ఫైల్‌తో చూడకండి. ఫారమ్‌తో పంపినప్పుడు ఫైల్ చుట్టూ ఇంకొన్ని బైట్లు చేరతాయి కాబట్టి అది దాటిపోతుంది, మీ లెక్క తప్పనిపిస్తుంది. మా టీమ్ అబ్బాయి చేసిన టెస్ట్‌లో లోపం కూడా ఇక్కడే: 300 కేబీ ఫోటో గోడ దాకా పోనే లేదు.

టైమౌట్ అయితే 90 సెకన్లు నిద్రపోయి జవాబిచ్చే చిన్న పేజీ ఒకటి రాసి పెట్టుకున్నాను. ప్రాక్సీ_రీడ్_టైమౌట్ లేకుండా దాన్ని పిలిస్తే 60 సెకన్లకి 504 (వెనకనుంచి జవాబు సమయానికి రాలేదన్న ఎర్రర్) వస్తుంది. అదే పేజీ పది సెకన్లకోసారి కాస్త కాస్త పంపుతూ ఉంటే, మొత్తం 90 సెకన్లు పట్టినా 504 రాదు. ఆ 60 సెకన్లు మొత్తం జవాబుకి కాదు, రెండు రీడ్‌ల మధ్య మౌనానికి. చేసి చూశాకే ఈ వాక్యాన్ని నేను ధైర్యంగా నోట్సులో రాయగలిగాను.

వాక్యం ఎలా రాయాలి

తెలుగులో మనకి దీనికి చక్కని సాధనం ఉంది. ‘రాయకపోయినా’, ‘రాయకపోతే’ – ఈ రెండు మాటల మధ్య తేడా. రాయకపోయినా అంటే ఏమీ పోదని చదివేవాళ్లకి భరోసా ఇస్తున్నాం. రాయకపోతే అంటే ఏదో జరుగుతుంది, అది చెప్పబోతున్నామని. ఏమీ జరగని రకానికే మొదటిది వాడతాను, మిగతా మూడింటికీ రెండోదే. ‘రాయకపోతే’ అని మొదలుపెడితే వాక్యం పూర్తిచేయక తప్పదు, ఫలితం దానంతటదే కాగితం మీదికి వస్తుంది.

మానేసిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘అవసరమైతే పెట్టండి’ – ఎప్పుడు అవసరమో తెలిస్తే చదివేవాళ్లకి నోట్సెందుకు? ‘విలువ ఇవ్వవచ్చు’ – ఇవ్వడానికి వీలుందనా, ఇవ్వకపోయినా ఫరవాలేదనా? ‘తగినంత పెంచండి’ – ఎంత? వీటి బదులు అవసరమయ్యే సందర్భాన్నే రాయండి: ‘స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు తీసుకునే సైట్ అయితే’, ‘రిపోర్ట్ తయారవడానికి నిమిషం పైన పట్టేట్టుంటే’.

సున్నాకి అర్థం ప్రతిచోటా రాయండి. క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్‌కి 0 ఇస్తే పరిమితే తీసేసినట్టు. కీప్అలైవ్_టైమౌట్‌కి 0 ఇస్తే కీప్అలైవ్‌నే ఆపేసినట్టు. ఒకచోట సున్నా తలుపు బార్లా తెరుస్తుంది, ఇంకోచోట మూసేస్తుంది. ఊహకి వదిలేయకూడని విషయం ఇది.

పక్క సెట్టింగుల పేర్లు కూడా అక్కడే ఉండాలి. ఇంజిన్‌ఎక్స్‌లో 20 ఎంబీ పెట్టినా, వెనక పీహెచ్‌పీలో అప్‌లోడ్_మ్యాక్స్_ఫైల్‌సైజ్ డిఫాల్ట్ 2 ఎంబీ, పోస్ట్_మ్యాక్స్_సైజ్ డిఫాల్ట్ 8 ఎంబీ. ఒక గోడ తీస్తే వెనక ఇంకో గోడ. మా పాత సర్వర్‌లో ఆ రెండూ ఎప్పుడో పెంచి ఉన్నాయి, వాటిని ఆ అబ్బాయి కొత్తదానికి తెచ్చుకున్నాడు కాబట్టి ఆ రాత్రి ఒక్క లైనుతో బయటపడ్డాం.

ఇప్పుడు మా నోట్సులో ఆ సెట్టింగ్ ఇలా ఉంది:

“క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ 20ఎం; – సర్వర్ బ్లాకులో. లేకపోయినా ఇంజిన్‌ఎక్స్ లేస్తుంది. రాయకపోతే 1 ఎంబీ దాటిన ప్రతి అప్‌లోడ్‌కీ 413 వస్తుంది, బ్రౌజర్‌లో అది సరిగా కనపడకపోవచ్చు, ఎర్రర్ లాగ్‌లో ‘టూ లార్జ్ బాడీ’ అని వెతకాలి. 0 ఇస్తే పరిమితి ఉండదు, పెట్టొద్దు. ఈ సైట్‌కి 20 ఎందుకంటే ఫారమ్‌లో ఐదు సర్టిఫికెట్లు ఒకేసారి వెళ్తాయి. పీహెచ్‌పీలోని రెండు విలువలూ దీంతోపాటే చూడాలి.”

ముందున్న లైనుకి ఇది చాలా పెద్దది. అన్నిటికీ ఇంత రాయనక్కర్లేదు, రాస్తే ఎవరూ చదవరు కూడా. ఆటోఇండెక్స్‌కి మా నోట్సులో ఉన్నది నాలుగే మాటలు: “రాయకపోయినా ఫరవాలేదు, ఆఫ్‌లో ఉంటుంది.” రాయకపోతే వాడేవాళ్లకి ఇబ్బంది తెచ్చే సెట్టింగులు మా సైట్లన్నిటికీ కలిపి పదకొండు తేలాయి. స్థలం, సమయం వాటికే ఇచ్చాను.

రాశాక ఆ అబ్బాయికిచ్చి, ఖాళీ మెషిన్ మీద నన్నేమీ అడగకుండా మొత్తం పెట్టి చూడమన్నాను. రెండుచోట్ల ఆగాడు. ఆగినచోటల్లా నేనేమీ చెప్పకుండా ఆ వాక్యాన్నే తిరగరాశాను. పని అయ్యాక అప్‌లోడ్ సెట్టింగ్ కింద తనే ఒక లైను చేర్చాడు: “టెస్ట్ 3 ఎంబీ పీడీఎఫ్‌తో చేయాలి, ఫోటోతో కాదు.”